మాగాణి మినుము చల్లే లోపు: వ్యవసాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఇంకా ఆరని చేలో, పండి వంగిన వెన్నుల మధ్యే రైతులు మినుములు చల్లుతారు. దుక్కి ఉండదు, దుక్కిలో వేసే ఎరువూ ఉండదు. చాలా చేలకు ఆ తరువాత తడి కూడా అందదు. వరి తాగగా మిగిలిన చెమ్మ, శీతాకాలపు మంచు, గింజ తనతో తెచ్చుకున్న సత్తువ: వీటితోనే రెండున్నర నెలల్లో పంట చేతికి రావాలి. తెనాలి, రేపల్లె, దివిసీమ మాగాణుల్లో తరతరాలుగా నడుస్తున్న ఈ సాగు మీకు కొత్త కాదు. ఆ గింజతో పాటు మట్టిలోకి వెళ్లవలసిన ఒక జీవి గురించి, దాన్ని మన ప్రభుత్వ యంత్రాంగం చూస్తున్న తీరు గురించి మీకు రాస్తున్నాను. సూక్ష్మజీవశాస్త్రం బోధిస్తూ బతికేవాణ్ణి. ఈ మాగాణుల్లోనే పుట్టి పెరిగినవాణ్ణి.

ఆ జీవి రైజోబియం. మీ శాఖ పత్రాల్లో జీవన ఎరువుల పట్టికలో మొదటి వరుసలో ఉంటుంది. ఎకరాకు సరిపడే విత్తనానికి 200 గ్రాముల పొట్లం, బెల్లం నీళ్లలో కలిపి గింజలకు పట్టించి నీడన ఆరబెట్టి చల్లాలని వ్యవసాయ పంచాంగాల్లో ఏటా అచ్చవుతూనే ఉంది. సలహాలో తప్పేమీ లేదు. ఆ పొట్లం రైతు చేతికి వచ్చేసరికి అందులో ప్రాణం ఉందో లేదో అడిగే నాథుడే లేడు. నా బాధ అక్కడుంది.

మినుము మొలకెత్తాక వేరు నుంచి కొన్ని రసాయనాలు మట్టిలోకి ఊరతాయి. వాటి ఆనవాలు పట్టి దగ్గరికి వచ్చిన రైజోబియం తన వంతుగా మరో రసాయనాన్ని విడుదల చేస్తుంది. మొక్క దాన్ని గుర్తుపడుతుంది. గుర్తుపడితేనే నూగువేరు కొస వంకీలా మెలి తిరిగి ఆ బ్యాక్టీరియాను తన మడతలోకి తీసుకుంటుంది. అక్కడి నుంచి వేరు లోపలికి సన్నని దారి ఏర్పడుతుంది. దారి చివర కణాలు విభజన చెంది బుడిపె కడతాయి. వేరుశనగలో దారి వేరు. అక్కడ పక్కవేళ్లు బయటికి పొడుచుకు వచ్చేచోట పడే చీలికల్లోంచి బ్యాక్టీరియా లోపలికి చేరుతుంది. చేరే తోవ ఏదైనా, లోపల జరిగే పని ఒక్కటే. గాలిలోని నత్రజనిని మొక్క వాడుకోగల రూపంలోకి మార్చడం.

యూరియా ఫ్యాక్టరీలో ఇదే పనికి 400 డిగ్రీల సెల్సియస్‌ దాటిన వేడి, వాతావరణ పీడనానికి ఎన్నో రెట్ల ఒత్తిడి కావాలి. బుడిపెలో నైట్రోజినేజ్ అనే ఎంజైము దీన్ని మామూలు మట్టి వేడిమిలోనే చేస్తుంది. అయితే దానికి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. మరి బ్యాక్టీరియా ఊపిరి తీసుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును విప్పడానికి మొక్క మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్‌ను బుడిపెలో తయారు చేసి ఉంచుతుంది. అది ఆక్సిజన్‌ను పట్టుకుని, ఎంత అవసరమో అంతే బ్యాక్టీరియాకు అందిస్తుంది. అందుకే పనిచేస్తున్న బుడిపెను గోటితో చీలిస్తే లోపల ఎర్రగా, గులాబీ రంగులో కనిపిస్తుంది. తెల్లగానో పచ్చగానో ఉంటే దాని వల్ల మొక్కకు ఒరిగేదేమీ లేదు. ప్రయోగశాల అక్కర్లేదు, బొటనవేలి గోరు చాలు. విత్తిన నెల దాటాక ఏ రైతైనా తన చేలో నాలుగు మొక్కలు పీకి చూసుకోగలిగిన పరీక్ష ఇది. మన విస్తరణ సిబ్బందిలో ఎంతమంది ఈ పరీక్షను రైతుకు చేసి చూపిస్తున్నారో దయచేసి కనుక్కోండి.

పప్పుజాతి మొక్కలు గాలి నుంచి నత్రజని పొందుతాయని జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ 1886లో చాటారు. 1888లో హాలండ్‌కు చెందిన బైయరింక్ బుడిపెల్లోని బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు. మన దేశంలో ఎన్.వి. జోషి 1920 నాటికే సాగులో ఉన్న పప్పుపైర్ల నుంచి రైజోబియంను వేరుచేశారు. వందేళ్లు దాటిన శాస్త్రం ఇది. ఇంకా రుజువు కావాలని ఎవరూ అడగరు. అడగవలసిందల్లా ఆ జీవిని ప్రయోగశాల నుంచి చేను దాకా చావకుండా ఎలా తీసుకెళ్లాలన్నదే.

మాగాణి మినుముకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం. నెలల తరబడి నీరు నిలిచిన వరి మడిలో గాలి ఆడదు. రైజోబియంకు గాలి కావాలి. అందువల్ల వరి తరువాత మాగాణి మట్టిలో వీటి సంఖ్య తగ్గిపోవడం సహజం. మెట్ట పొలంలో ఏటా కందో పెసరో వేసే రైతుకు మట్టిలోనే కొంత సంతతి నిల్వ ఉంటుంది. మాగాణి రైతుకు ఆ నిల్వ మీద భరోసా తక్కువ. పైగా పైన చెప్పినట్టు అక్కడ ఎరువు వేసే సందే లేదు. గింజకు పట్టించింది మాత్రమే మట్టిలోకి చేరుతుంది.

ఒక చిన్న లెక్క మీ ముందుంచుతాను. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2006లో జీవన ఎరువులను చేర్చారు. దాని ప్రకారం పొడి రూపంలో ఉన్న రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి, ద్రవరూపమైతే మిల్లీలీటరుకు 10 కోట్లు. 200 గ్రాముల పొట్లంలో అంటే 1,000 కోట్ల కణాలు. మాగాణిలో ఎకరాకు 16 కిలోల మినుములు చల్లుతారనుకుందాం. వెయ్యి గింజలు సుమారు 40 గ్రాములు తూగుతాయి కాబట్టి అవి దాదాపు 4 లక్షల గింజలు. గింజకు దక్కేవి 25,000 కణాలు. చట్టం అడిగిన సంఖ్య పొట్లంలో నిజంగా ఉంటేనే ఈ లెక్క. ఎండలో నిలవుండి సంఖ్య వందో వంతుకు పడిపోతే గింజకు మిగిలేవి 250. అందులో ఆరబెట్టేటప్పుడు చచ్చేవి, చేలో పడ్డాక ఎండకు పోయేవి తీసేయండి. పొట్లం మీద అచ్చు మాత్రం మారదు. రైతు దాన్నే కొంటాడు, పట్టిస్తాడు, ఫలితం కనిపించక మరుసటి ఏడు మానేస్తాడు. అతని అనుభవాన్ని నేను తప్పు పట్టలేను.

బ్రెజిల్ ఈ విషయంలో ఏం చేసిందో చూడండి. 1960లలో అక్కడ సోయా సాగు విస్తరిస్తున్నప్పుడు యోహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్త, నత్రజని ఎరువు మీద కాకుండా బుడిపె బ్యాక్టీరియా మీద ఆధారపడే సోయా రకాలనే ఎంపిక చేయాలని పట్టుబట్టింది. ప్రభుత్వం విన్నది. ఇప్పుడు ఆ దేశంలో 4 కోట్ల హెక్టార్లకు పైగా సోయా సాగవుతోంది, నత్రజని దాదాపు అంతా బ్యాక్టీరియా నుంచే అందుతోంది. అదే దారిలో ఆ దేశపు వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో పనిచేసిన మరియాంజెలా హుంగ్రియాకు 2025లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. వాళ్ల విజయానికి మూలం ఏదో అద్భుత బ్యాక్టీరియా అని నేను అనుకోను. నియమాలే మూలం. అక్కడ సోయాకు పట్టించే బ్యాక్టీరియా కల్చర్‌లో గ్రాముకు లేదా మిల్లీలీటరుకు కనీసం 100 కోట్ల కణాలు ఉండాలి. ద్రవరూపంలో మన ప్రమాణానికి పది రెట్లు, పొడిలో ఇరవై రెట్లు. ఏ స్ట్రెయిన్, అంటే ఆ బ్యాక్టీరియాలో ఏ ఉపరకం, వాడాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఏళ్ల తరబడి చేలల్లో పరీక్షించి ఆమోదించిన నాలుగు స్ట్రెయిన్లలోంచే కంపెనీలు ఎంచుకోవాలి. గింజకు 12 లక్షల కణాలు అంటాలని వాళ్ల సిఫార్సు. సోయా గింజ మినుము కంటే పెద్దదే, అయినా ఆ అంకెకూ మన 25,000కూ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

కేంద్ర ఉత్తర్వును మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. ఉన్న ఉత్తర్వును అమలు చేయడం మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలోనే ఉంది. నమూనాలు తీసే ఇన్‌స్పెక్టర్లు మీ శాఖవాళ్లే. నియోజకవర్గ స్థాయిలో సమీకృత వ్యవసాయ పరీక్ష ప్రయోగశాలలు ఇప్పటికే కట్టి ఉన్నాయి. విత్తనం మొలక శాతం, ఎరువులో పోషకాల పాళ్లు, పురుగుమందు స్వచ్ఛత అక్కడ చూస్తున్నారు. జీవన ఎరువులో బతికున్న కణాలను లెక్కించడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. నమూనాను మెట్లుమెట్లుగా పలుచన చేసి, పోషక మాధ్యమం పోసిన పళ్లాల్లో పరిచి, వెచ్చని పెట్టెలో ఉంచి, మొలిచిన మచ్చలు లెక్కపెట్టాలి. మినుముకు పనికొచ్చే రైజోబియం నెమ్మదిగా పెరిగే తెగ కాబట్టి వారం రోజులకు పైగా ఓపిక పట్టాలి. అందుకే పరీక్ష అక్టోబరులో జరగాలి. డిసెంబరులో నమూనా తీస్తే ఫలితం వచ్చేసరికి పైరు మొలిచి ఉంటుంది, ఆ కాగితం ఎవరికీ పనికిరాదు.

ఒక ఎరువుల కొట్టులో నేను చూసింది చెబుతాను. రేకుల షెడ్డులో, పురుగుమందు డబ్బాల పక్కన, రైజోబియం పొట్లాల అట్టపెట్టె వేసవి మొత్తం ఉండిపోయింది. గడువు తేదీ దాటలేదు. చట్టప్రకారం అమ్మవచ్చు. కొట్టు యజమానిని నిందించి లాభం లేదు, అతనికి అది మరో సరుకు, ఎవరూ అతనికి వేరుగా చెప్పలేదు. యూరియా కట్ట షెడ్డులో ఏడాది ఉన్నా నత్రజని నత్రజనే. తోడు పెట్టే పెరుగు చచ్చిపోతే పాలు పాలుగానే మిగిలిపోతాయన్న సంగతి ప్రతి ఇల్లాలికీ తెలుసు, ఆ ఎరుక మన సరఫరా వ్యవస్థకు రావాలి. ఈ పొట్లం తయారైన తేదీ, ప్రయాణించిన దారి, దాచిన చోటు, ఈ మూడూ దాని నాణ్యతలో భాగమే.

అన్ని పైర్లలోనూ రైజోబియం పట్టిస్తే దిగుబడి పెరుగుతుందని నేను మిమ్మల్ని నమ్మించబోను. రాయలసీమ వేరుశనగ సంగతే తీసుకోండి. అక్కడి ఎర్రనేలల్లో వేరుశనగకు సరిపడే స్థానిక రైజోబియంలు ముందే దండిగా ఉంటాయి. కొత్తగా పట్టించింది వాటితో పోటీపడి వేళ్లలో చోటు సంపాదించలేకపోవచ్చు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఎన్‌సీ 92 అనే స్ట్రెయిన్‌తో, కదిరి 3గా పేరొందిన వేరుశనగ రకంలో దిగుబడి పెరగడం చూశారు. అంటే స్ట్రెయిన్, పంట రకం, నేల ఈ మూడూ కుదిరితేనే ఫలితం. శనగది ఇంకో తీరు. అది తనకు ప్రత్యేకమైన రైజోబియంతో తప్ప జతకట్టదు. మినుముకు చేసిన పొట్లం శనగకు పనికిరాదు. ప్రకాశం, కర్నూలు నల్లరేగళ్లలో శనగ ఎప్పుడూ వేయని చేలో మొదటిసారి వేసేవాళ్లకు సరైన పొట్లం అందడం, అందకపోవడం పెద్ద తేడా తెస్తుంది. ఇలాంటి చోట్లను వెతికి వెతికి వాడాలి. అన్ని మండలాలకూ ఒకే లెక్కన పొట్లాలు పంచేసి లక్ష్యం చేరామని రాసుకోవడం వల్ల డబ్బూ పోతుంది, రైతు నమ్మకమూ పోతుంది.

మినుము విస్తీర్ణం తగ్గడానికి కారణం రైజోబియం లేకపోవడమని కూడా నేను అనను. పల్లాకు తెగులు, బంగారు తీగ రైతును విసిగించాయి. దున్నకుండా వేసే మొక్కజొన్న ఎక్కువ రాబడి ఇచ్చింది. రైతు అటు తిరిగాడు. దాంతో పాటు యూరియా కట్టలూ పెరిగాయి. 45 కిలోల కట్టలో నత్రజని 20.7 కిలోలు, అందులోనూ పైరు వాడుకునేది కొంతే, మిగిలింది గాలికీ నీటికీ పోతుంది. తెగులు తట్టుకునే రకాలు, కలుపు యాజమాన్యం వాటి దారిన నడవాలి. మినుము వేస్తున్న రైతుకైనా గింజతో పాటు బతికున్న రైజోబియం ఇవ్వండని నా వేడుకోలు.

వేళ్లను ఆశ్రయించిన మరో పెద్ద తెగ మైకోరైజా శిలీంధ్రాలు. 1885లో జర్మనీకి చెందిన ఫ్రాంక్ ఆ పేరు పెట్టాడు కానీ, మొక్కలతో వీటి పొత్తు 40 కోట్ల ఏళ్ల నాటిది. స్కాట్లండ్‌లోని రైనీ శిలాజాల్లో ఆనవాళ్లు దొరికాయి. భూమ్మీది మొక్కల్లో మూడింట రెండు వంతులకు పైగా వీటితో బతుకుతున్నాయి. నూగువేరు చొరలేని సందుల్లోకి ఈ దారాలు చొచ్చుకుపోయి భాస్వరాన్ని, జింకును తెచ్చిపెడతాయి, బదులుగా మొక్క నుంచి చక్కెర తీసుకుంటాయి. మట్టిలో కరిగే భాస్వరం దండిగా ఉంటే మొక్క ఈ పొత్తును తెంచుకుంటుంది. ఏటా డీఏపీ గుమ్మరించిన చేలో మైకోరైజా పొట్లం కొనిపించడం రైతు డబ్బు వృథా చేయడమే. అక్కడ ముందు చేయవలసింది భూసార పరీక్ష, ఆ పైన డీఏపీ తగ్గింపు. ఈ రెండు మాటలూ ఒకే సలహాలో రైతుకు అందాలి. కంపెనీ ప్రతినిధి ఒక మాట, మీ వ్యవసాయ సహాయకుడు ఇంకో మాట చెబితే రైతు డీఏపీ, పొట్లం రెండూ కొంటాడు.

వరిలో నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని అందిస్తుందని పి.కె. డే 1939లోనే చూపారు. అజొల్లా ఆకుల్లో దాగిన నాచు కూడా ఆ కోవలోనిదే. చెరకు కాండం లోపలే ఉంటూ నత్రజని అందించే బ్యాక్టీరియాను బ్రెజిల్‌లో 1988లో గుర్తించారు. వీటిలో వేటి సామర్థ్యం ఎంతో పంటపంటకూ తేల్చే పని ఇంకా మిగిలే ఉంది, తొందరపడి యూరియాకు బదులని ప్రకటించకూడదు.

తెగుళ్ల మీద పోరాడే ట్రైకోడెర్మా మాత్రం మన రైతులకు బాగా చేరువైంది. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి గోనె సంచులు కప్పి నీడలో మగ్గబెట్టి చేలో వేయడం మిరప, శనగ, వేరుశనగ రైతుల్లో చాలామందికి తెలుసు. ఈ శిలీంధ్రం ఎండు తెగులు, కాండం కుళ్లు తెచ్చే శిలీంధ్రాల దారాలను చుట్టుకుని, వాటి గోడలను కరిగించి తినేస్తుంది. తయారీ పద్ధతి చూశారా, రైతు దాన్ని చల్లే ముందు పెంచుతున్నాడు. కొన్న పొట్లంలో సంఖ్య కాస్త తక్కువైనా మగ్గే రోజుల్లో కోలుకుంటుంది. ట్రైకోడెర్మా నిలదొక్కుకోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. రైజోబియంకు ఆ వెసులుబాటు లేదు, పొట్లం నుంచి నేరుగా గింజ మీదికి వెళ్లాలి.

ఇక్కడ చట్టం ఒక గోడ కట్టింది. ట్రైకోడెర్మా, తెగుళ్లను అణిచే సూడోమోనాస్ బ్యాక్టీరియా 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తాయి, రైజోబియం ఎరువుల ఉత్తర్వు కిందికి. నమోదు వేరు, ప్రమాణాలు వేరు, నమూనా పట్టుకునే పద్ధతి వేరు. రైతు మాత్రం రెండింటినీ ఒకే గింజకు ఒకే ఉదయం పట్టిస్తాడు. ముందు శిలీంధ్రనాశిని, తరువాత పురుగుమందు, చివరగా రైజోబియం అన్న వరుసను పాటించాలి. కొన్ని శిలీంధ్రనాశినులు రైజోబియంను చంపుతాయి. రాయితీ మీద ఇచ్చే విత్తనానికి ముందే ఏ మందు పట్టించారో సంచి మీద తెలుగులో స్పష్టంగా ఉంటేనే రైతు ఈ వరుస పాటించగలడు. ఈ రెండు చట్టాల మధ్య సందులో ఇంకో దందా పెరిగింది. బయో అని ముద్రేసి, లోపల రసాయన పురుగుమందు కలిపి అమ్మిన సీసాలు గుంటూరు మిరప ప్రాంతంలో రైతులను ముంచిన సంగతి మీ శాఖకు తెలియనిది కాదు. ఆ దెబ్బ నిజాయితీగా సూక్ష్మజీవులు తయారు చేసేవాళ్ల మీద కూడా పడింది. బయో అంటేనే రైతు అనుమానంగా చూస్తున్నాడు.

మన రాష్ట్రానికి ఒక బలం ఉంది, దాన్ని చెప్పకపోతే అన్యాయం. రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మట్టిలో ప్రాణం అన్న మాటను పల్లె మహిళా సంఘాల దాకా తీసుకెళ్లింది. 2024లో గుల్బెంకియన్ బహుమతి ఆ కృషికి వచ్చిన గుర్తింపు. బీజామృతం, జీవామృతం ఊరూరా తయారవుతున్నాయి, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా ఉంచుతున్నారు. ఏడాది పొడవునా నేలలో బతికున్న వేరు ఉండాలన్న ఆలోచన సూక్ష్మజీవశాస్త్రం చెప్పేదే. అయితే ఒక డ్రమ్ము జీవామృతంలో ఉన్న సూక్ష్మజీవులు ఇంకో డ్రమ్ములో ఉండవు. పేడ మారితే, రోజులు మారితే సంతతి మారుతుంది. అందులో మినుముకు సరిపడే రైజోబియం ఎంత ఉందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి ప్రకృతి వ్యవసాయం చేసే చేలో కూడా పప్పుపైరు విత్తనానికి పరీక్షించిన రైజోబియం పట్టించడంలో సిద్ధాంత విరోధమేమీ ఉండనక్కర్లేదు. ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలు, జీవన ఎరువుల శాస్త్రవేత్తలు ఒకే చేలో కూర్చుని పనిచేసేలా చూడగలిగింది మీరే. ఇప్పుడు ఎవరి దారి వారిదిగా ఉంది.

డబ్బు ఎక్కడిదని ఆర్థిక శాఖ అడుగుతుంది. ఇటీవలి ఏళ్లలో కేంద్రం ఎరువుల రాయితీకి ఏటా లక్ష కోట్ల రూపాయలకు పైగా ఖర్చు చేస్తోంది. 2023లో ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకం కింద రాష్ట్రం రసాయన ఎరువుల వాడకం తగ్గిస్తే, ఆదా అయిన రాయితీలో సగం రాష్ట్రానికే తిరిగి ఇవ్వడానికి కేంద్రం ఒప్పుకుంది. పప్పుపైర్లకు బతికున్న రైజోబియం అందించడం ఆ ఆదాకు సాఫీ దారి. అయితే మాగాణి మినుములో ఎరువు తగ్గించమని రైతును ఒప్పించే పనే లేదు, అతను ముందే వేయడం లేదు. అక్కడ వచ్చే లాభం దిగుబడిలో, తరువాతి వరికి మట్టిలో మిగిలే నత్రజనిలో ఉంటుంది.

మంత్రిగారూ, రాష్ట్రమంతా ఒక్కసారిగా మార్చమని అడగడం లేదు. ఈ రబీకి డెల్టాలోని మాగాణి మినుము మండలాలతో మొదలుపెట్టండి. విశ్వవిద్యాలయ కేంద్రాల్లో, లైసెన్సున్న తయారీదారుల దగ్గర పొట్లాలు సెప్టెంబరు చివర, అక్టోబరులో తయారయ్యేలా ఆర్డరు ముందే ఇవ్వండి. నిరుటి నిల్వ ఒక్కటి కూడా కొనవద్దు. ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, కణాల సంఖ్యను బ్యాచ్ నంబరుతో సహా రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించండి. పురుగుమందుల గదిలో కాకుండా, చల్లని నీడగదిలో పొట్లాలు ఉంచమని రాతపూర్వకంగా ఆదేశించండి. మాగాణిలో విత్తన మోతాదు ఎక్కువ కాబట్టి ఎకరాకు 200 గ్రాములు చాలునా అన్నది శాస్త్రవేత్తల చేత మళ్లీ పరిశీలింపజేయండి. సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లో తట్టుకుని బతుకుతున్న స్థానిక రైజోబియంలను బాపట్ల, మచిలీపట్నం వైపు మినుము చేల నుంచి సేకరించి, పరీక్షించి, దాచిపెట్టే పని విశ్వవిద్యాలయానికి అప్పగించండి. దానికి సూక్ష్మజీవశాస్త్రం చదివినవాళ్లను నియమించండి. ఖాళీ పోస్టులతో ఆ పని సాగదు.

ఇంకొక్కటి. డెల్టాలో మినుము చల్లేవాళ్లలో కౌలు రైతులు ఎక్కువ. పాసు పుస్తకం చూపిస్తేనే పొట్లం అంటే అది చేరవలసిన చేతికి చేరదు. ఈ ఒక్క వస్తువుకైనా భూమి కాగితంతో ముడిపెట్టకండి. చేలో ఎవరు విత్తుతున్నారో ఊళ్లోని వ్యవసాయ సహాయకుడికి తెలుసు, అతని సంతకం చాలనండి.

ఫలితం చూడడానికి పెద్ద అధ్యయనం ఏదీ అక్కర్లేదు. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో కొద్దిమంది రైతులను ఒప్పించి, చేలో ఒక పట్టె రైజోబియం పట్టించని గింజతో చల్లించండి. జనవరిలో, పూత దశకు ముందు, రెండు పట్టెల్లోనూ మొక్కలను పారతో మట్టితో సహా పైకి తీయించండి. బుడిపెలు లెక్కపెట్టి, చీల్చి రంగు చూసి రాయించండి. కోతప్పుడు రెండు పట్టెల గింజలూ వేరువేరుగా తూయించండి. తేడా వచ్చిన ఊళ్లు, రాని ఊళ్లు రెండూ దాచకుండా మార్చి నాటికి ప్రకటించండి. ఆ పట్టిక చేతికొస్తే, వచ్చే ఏడు ఏ మండలానికి పొట్లాలు పంపాలో, ఏ మండలానికి అక్కర్లేదో మీకూ మాకూ తెలుస్తుంది.

భవదీయుడు,
మాగాణి ప్రాంతపు సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు